ఉప్పు చల్లిన రోడ్లు

తలుపుల్లేవు, కప్పు ఉందంటే ఉంది. అయినా జనవరి ఒకటిన, ఎముకలు కొరికే చలిలో, ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ పాత రేస్ ట్రాక్ దగ్గర జరిగే పాత కార్ల జాతరకు లోటస్ సెవెన్లు వచ్చేస్తాయి.

లోటస్ వ్యవస్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన కారిది. పూర్తి కారు కొంటే అప్పట్లో కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే తప్పేది. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. బిగించుకునే సరదా మాత్రం పోలేదు. అదే ఏడాది హక్కులు తీసుకున్న కేటర్‌హామ్ సంస్థ సెవెన్‌ను బతికించింది.

అయితే అన్ని సెవెన్లూ చలిలో బయటికి రావు. చలికాలంలో అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చాసిస్ తుప్పు పడుతుందని చాలామంది యజమానులు బండిని గ్యారేజీలోనే ఉంచి, కలుసుకోవడానికి మామూలు కార్లలో పబ్బుకు చేరతారు. మాటలన్నీ ఇంట్లో ఉన్న బండి గురించే. ఒకాయన జేబులోంచి అరిగిన బుష్ తీసి బల్ల మీద పెడతాడు. గ్లాసులు పక్కకు జరుగుతాయి, నాలుగు తలలు దాని మీదికి వంగుతాయి. ‘ఈ సైజుది నా దగ్గరుంది, శనివారం వచ్చి నేనే బిగిస్తాను’ అంటాడు ఎదుటి మనిషి. పేరు అడగడం ఆ తర్వాతే.

ఈ స్నేహం మీద నాకెంత ప్రేమో చెప్పలేను. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లదే.