గునపము, గంప

బిలాస్‌పూరు రైల్వే పట్టణము. ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుండి ఇదియే ముఖ్యస్థానము. ఇచట కట్నీ వైపు పోవు బండి ఎక్కిన ప్రయాణికునకు గంటయో రెండు గంటలో గడచునప్పటికి మైకల్ కొండలు ఎదురగును. భన్వర్‌టోంక్ కడ సొరంగము, దాని కిరుప్రక్కల అడవి. టికెట్టు కొన్నంత సులువుగా అరణ్యవాసమును పొందవచ్చునను భ్రాంతికి ఈ సౌలభ్యమే మూలము.

ఆశయము నిర్మలమైనచో అడవియే అన్నము పెట్టుననియు, బియ్యపు మూట, మందుల పెట్టె, పటము మున్నగునవి విశ్వాసము చాలనివాని ఊతకఱ్ఱలనియు వాదించువారు కలరు. వినుటకు ఇంపైన మాటయే. కాని ఆ అన్నము ఎవరి కుండలోనిదని వీరడుగరు. అచానక్‌మార్ అడవులలో బైగాలు నివసింతురు. క్రొత్తపంట చేతికి రాకమున్ను పేద యింటి గాదె అడుగంటును. దుంపలు త్రవ్వి తెచ్చుకొను దినములవి. అట్టి గుడిసెకు వట్టిచేతులతో వచ్చిన త్యాగి వారి గంజిలో సగము త్రాగును. జ్వరము తగిలినచో అతనిని మంచముపై మోయుటకు నలుగురు పని మానుకొనవలయును. అతని నిరాడంబరతకు వెల చెల్లించువారు వారు. దీనికి అపరిగ్రహమని పేరా?

సన్నాహము ఆదర్శమునకు శత్రువనువారు వాల్మీకిని మరల చదువుట మేలు. దశరథుడు సేనను, ధనధాన్యములను వెంట పంపబోగా రాముడు వలదనెను. నారచీరలు చాలుననెను. ఆ నోటితోనే గునపమును గంపను తెండనెను. 14 ఏండ్లు అడవిలో బ్రతుకబోవువాడు దుంప త్రవ్వవలయును, దానిని మోయవలయును. రాజ్యమును తృణప్రాయముగా విడిచినవాడు గునపమును విడువలేదు. కోదండమును గూర్చి గంటలకొలది చెప్పు పౌరాణికులు ఈ గంపను ఏలనో మరతురు.

అలాస్కా ఉదంతము జగద్విదితము. 1992 ఏప్రిలులో క్రిస్టఫర్ మెకాండ్లెస్ అను 24 ఏండ్ల అమెరికను యువకుడు సుమారు నాలుగున్నర కిలోల బియ్యముతో, చిన్న తుపాకితో ఒంటరిగా అడవి చొచ్చెను. జూలైలో మరలి రాబోగా ఏరు పొంగియుండెను. దానిని దాటించు చేతిత్రాటి తొట్టి కొంత దూరముననే ఉన్నదని, సరియైన పటము లేనందున, అతడెరుగడు. ఆగస్టులో ఒక పాడుపడిన బస్సులో మరణించెను. అతని హృదయమును నిందించుట అన్యాయము. నిందార్హులు ఆ బస్సును గుడి చేసినవారు. దాని దర్శనమునకు పోవుచు అదే యేటిలో ప్రాణములు కోల్పోయినవారును కలరు. తుదకు 2020లో ప్రభుత్వము దానిని హెలికాప్టరుతో ఎత్తించివేసెను.

ఇంటి చెంత వెరియర్ ఎల్విన్ గాథయు సగమే చెప్పబడుచున్నది. 1932లో ఆ యాంగ్లేయుడు అమరకంటకమున కావలనున్న కరంజియాలో గోండుల నడుమ కాపురమునకు వచ్చెను. గాంధీజీ ప్రభావము, సెయింట్ ఫ్రాన్సిస్ పట్ల భక్తి ఆయనను నడిపెననుట నిజము. కాని ఆయన ఒంటరిగా రాలేదు. మిత్రుడు శ్యామరావు హివాలే వెంటనుండెను; వారు పాఠశాలతో పాటు మందుల వసతిని కూడ నెలకొల్పిరి. వేషము ఫకీరుది, ఏర్పాటు సంసారిది. 1939లో వెలువడిన బైగాల గ్రంథము ఆ యేర్పాటు ఫలమే కాని ఆవేశఫలము కాదు.

అంత వెనుకకు పోనక్కరలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ప్రభుదత్త ఖేరా ఉద్యోగము ముగిసిన పిమ్మట లమ్నీ గ్రామమున గుడిసెలో మూడు దశాబ్దములు గడపెను. ఖాదీ బట్టలు, సంచి. చూచినవారు సన్న్యాసి యనుకొందురు. కాని నెలనెల పింఛను వచ్చుచుండెను. ఆయన బైగాల కుండపై ఆధారపడలేదు సరికదా, ఛపర్వాలోని పాఠశాలకు ఆ సొమ్మే వెచ్చించెను. 2019 సెప్టెంబరులో ఆయన మరణించినది అడవిలో కాదు, బిలాస్‌పూరు ఆసుపత్రిలో.