చర్మం పైపై సంగతి కాదు

2011 ఆగస్టులో వెమురాఫెనిబ్ అనే మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు మెలనోమా రోగుల ఇళ్లలో చాలాకాలం తర్వాత ఆశ చిగురించింది. ఒళ్లంతా పాకిన ఈ చర్మ క్యాన్సర్‌కు అప్పటిదాకా ఇస్తున్న కీమోతో పెద్దగా ఒరిగేది కాదు. రోగుల్లో దాదాపు సగం మందికి కణితిలోని బీఆర్ఏఎఫ్ జన్యువు చెడిపోయి, కణాన్ని ఆగకుండా పెరగమని పురమాయిస్తుంటుంది. ఆ పురమాయింపునే ఈ మాత్ర ఆపుతుంది. 675 మందిపై జరిపిన పరీక్షలో ఆరు నెలలకు కొత్త మందు తీసుకున్నవారిలో 84 శాతం, కీమో తీసుకున్నవారిలో 64 శాతం బతికున్నారు. ఆ మందు గొప్పదనాన్ని ఎవరూ కాదనలేరు. మా అభియోగమల్లా ఆ మాత్ర మింగిన మనిషి చర్మాన్ని అతని ఖర్మకు వదిలేసిన తీరు మీదే.

అదే పరీక్షలో మందు తీసుకున్నవారిలో 18 శాతం మందికి ఒంటి మీద వేరే రకం చర్మ క్యాన్సర్లు, అలాంటి కాయలు కొత్తగా మొలిచాయి. కారణం తర్వాత తేలింది. బీఆర్ఏఎఫ్ చెడిన కణంలో పెరుగుదలను ఆపే ఈ మాత్రే, ఆ జన్యువు బాగానే ఉండి ఆర్ఏఎస్ అనే మరో జన్యువు పాడైన కణంలో పెరుగుదలను ఎగదోస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు మాడిన చర్మంలో అలాంటి కణాలు కాచుకుని ఉంటాయి. వాటిని తొందరగా గుర్తిస్తే చిన్న కోతతో పోతాయి, మాత్ర ఆపక్కర్లేదు. గుర్తించాలంటే చర్మ వైద్యుడు తల నుంచి అరికాలి దాకా క్రమం తప్పకుండా చూడాలి. చాలాచోట్ల చర్మ వైద్యుడి దగ్గరికి పంపేది కాయ లేచాకే.

ఎండ సంగతి ఇంకా అన్యాయం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మెలనోమాకు పేరుమోసిన ప్రాంతం. అక్కడ వెమురాఫెనిబ్ వాడే మనిషి కారు నడుపుతున్నాడనుకుందాం. అద్దాలు ఎత్తే ఉన్నాయి, ఏసీ నడుస్తోంది, ఒంటికి వేడి తెలియడం లేదు. అయినా ఇల్లు చేరేసరికి కిటికీ వైపున్న కుడిచెయ్యి కందిపోతుంది, మర్నాటికి బొబ్బలెత్తుతుంది. ఈ మందుతో చర్మాన్ని కాల్చేది యూవీఏ కిరణం. కారు పక్క అద్దం దాన్ని పూర్తిగా ఆపదు. ‘ఎండలోకి వెళ్లకండి’ అని చెప్పి పంపేవారు, అద్దం వెనక కూర్చున్నా ఎండలో ఉన్నట్టేనని ఎందుకు చెప్పరు? ఆ ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం పట్టదు.

తర్వాత వచ్చిన డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంట కొంత మేలు చేసింది. 2015లో వెలువడిన పోలికలో ఈ కొత్త చర్మ క్యాన్సర్లు వెమురాఫెనిబ్ వాడినవారిలో 18 శాతం మందికి వస్తే, జంట మందులు వాడినవారిలో ఒక్క శాతానికే వచ్చాయి. అయితే దీనికి జ్వరాలు ఎక్కువ. ట్రామెటినిబ్ తరహా మందులతో ముఖం మీద, ఛాతీ మీద చీము పొక్కులు లేస్తాయి. బీఆర్ఏఎఫ్ మందులతో అరికాళ్లలో బరువు ఆనేచోట కాయలు కాస్తాయి, అడుగు వేస్తే ముల్లు గుచ్చినట్టుంటుంది.

ఈ బాధను కొలవడానికి వైద్యులు వాడే పట్టిక చూడండి. మొటిమల్లాంటి పొక్కులు ఒంటి మీద పది శాతం చోటు కూడా ఆక్రమించకపోతే మొదటి గ్రేడు, అంటే స్వల్పం. తల, మెడ అంతా కలిపినా ఒంట్లో తొమ్మిది శాతమే. ముఖమంతా చీము పట్టి, అద్దం చూసుకోలేక పెళ్లికీ పేరంటానికీ వెళ్లడం మానేసిన మనిషి ఆ కొలత ప్రకారం ‘స్వల్పం’లోకే వస్తాడు. మానసిక వేదన ఉంటే గ్రేడు పెంచవచ్చని పట్టికలో రాసి ఉన్న మాట నిజమే. కానీ ఆ వేదన ఉందో లేదో రోగిని అడిగేదెవరు?

ముందుజాగ్రత్తతో ఎంత తేడా వస్తుందో తెలియక కాదు. ఇలాంటి పొక్కులే తెచ్చే పానిటుముమాబ్ అనే పేగు క్యాన్సర్ మందుపై 2010లో ఫలితాలు వచ్చాయి. పొక్కులు లేచాక చికిత్స మొదలుపెడితే 62 శాతం మందికి రెండో గ్రేడు, ఆపై చర్మ బాధలు వచ్చాయి. మొదటి నుంచే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, స్టెరాయిడ్ క్రీము, డాక్సీసైక్లిన్ మాత్ర ఇస్తే అది 29 శాతానికి తగ్గింది. ఇవన్నీ వీధి చివర మందుల షాపులో దొరికేవే. డాక్సీసైక్లిన్‌తోనూ చర్మం ఎండకు తట్టుకోదు కాబట్టి, వెమురాఫెనిబ్ వాడేవారికి దాన్ని ఆచితూచి ఇవ్వాలి. ఆ తూకం చూడటానికే చర్మ వైద్యుడు కావాలంటున్నాం.

మెలనోమా మన దగ్గర అరుదే. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ మాత్రలతో ఇలాంటి పొక్కులు మనవాళ్లకూ లేస్తాయి. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు, నల్లగా, ముదురుగా తేలుతుంది. ఇంట్లో ‘వేడి చేసింది’ అంటారు, పసుపు రాస్తారు, వేపాకు నీళ్లు పోస్తారు. తగ్గకపోతే చెప్పకుండా మాత్ర మానేస్తారు. డాక్టరు అడగలేదు, రోగి చెప్పలేదు, ప్రాణం నిలిపే మందు అలమరలో ఉండిపోయింది.

మందు రాసిన రోజే చర్మ వైద్యుడి తేదీ కూడా చీటీ మీద ఉండాలి. క్రీములు, సన్‌స్క్రీన్ ఆ చీటీలోనే రాయాలి, వాటి ఖర్చునూ క్యాన్సర్ బీమాలో కలపాలి. బొబ్బలు లేస్తే మరుసటి నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయడానికి ఒక నంబరు, దాన్ని ఎత్తే మనిషి ఉండాలి.