పెంటయ్య పేరులో తప్పేముంది?

పిల్లకి పేరు పెట్టాలంటే ఇప్పుడు ఇంటిల్లిపాదీ రెండు నియమాలు చెబుతున్నారు. ఆ పేరు మరెవరికీ ఉండకూడదు. దానికి గొప్ప అర్థం ఉండాలి. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. రెండూ తప్పని నేనంటాను. మొదటిది జరగని పని, రెండోది చాలాసార్లు కల్పన. ఈ రెండింటి వెంట పడి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పేర్లను మన చేతులతోనే తుడిచేస్తున్నాం.

ముందు అర్థం సంగతి. పేర్ల పుస్తకాల్లోనూ, ఫోన్లలో తిరిగే జాబితాల్లోనూ శాన్వి అంటే లక్ష్మీదేవి అని ఉంటుంది. లక్ష్మీ అష్టోత్తరంలోని నూటెనిమిది నామాలూ చదివి చూడండి, శాన్వి కనపడదు. రియాన్ష్ అంటే సూర్యుడి తొలి కిరణమని రాస్తారు. ఆ పేరును ఎలా విడదీసినా సూర్యుడూ రాడు, కిరణమూ రాదు. ఎవరో వినసొంపుగా రెండక్షరాలు అతికించారు, ఇంకెవరో దానికొక దేవుణ్ణి తగిలించారు, మిగతావాళ్లు ఎత్తిరాసుకున్నారు. కియారా ఇంకో దారిలో వచ్చింది. ఇటలీలో ఆ పేరుకు వెలుగని అర్థం. ఐర్లండ్‌లో దానికి దగ్గరగా పలికే పేరు ‘నలుపు’ అనే మాట నుంచి పుట్టింది. మన ఇళ్లకు మాత్రం అది హిందీ సినిమా నుంచి వచ్చింది. సినిమా చూసి పేరు పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. నచ్చిన సినిమాలో నచ్చిన పేరని చెబితే అది నిజం. దానికి ఏ దేవత పేరో అంటగట్టి పిల్లకి నూరిపోయడమే అబద్ధం.

ఇక రియాన్ష్ చివర ఉన్న ఈ ‘అన్ష్’ ఉంది చూడండి. అది మనకు తెలిసిన ‘అంశ’ అన్న మాటే. హిందీవాళ్లు చివరి అచ్చును మింగేసి పలుకుతారు, అది వాళ్ల భాష తీరు. మన మాట అచ్చుతోనో, సున్నాతోనో ముగియాలి, లేకపోతే నోటికి ఆనదు. ఈ మధ్య ఒక బారసాలకు వెళ్లాను. పళ్లెంలో పోసిన బియ్యంలో తండ్రి ఉంగరంతో పేరు రాశాడు, పిల్లాడి చెవిలో మూడుసార్లు చెప్పాడు. తర్వాత వాణ్ణి నాయనమ్మ ఒళ్లో పెట్టి, ‘పేరు పెట్టి పిలువమ్మా’ అన్నారు. ఆవిడ ‘రియాన్సు’ అంది. కోడలు సరిదిద్దింది. ఆవిడ ‘రియాంచు’ అంది. చుట్టూ నవ్వులు. మూడోసారి ఆవిడ ప్రయత్నించలేదు. ‘మా నాయనే, మా బుజ్జి తండ్రే’ అని వాడి పాదాలు నిమురుతూ కూర్చుంది. సొంత మనవడి పేరు పలకలేక ఆవిడ నలుగురిలో చిన్నబోయింది. ఇందులో ఆవిడ తప్పేముంది?

మరెవరికీ లేని పేరు కావాలంటారు. ఏదైనా బడిలో ఒకటో తరగతి హాజరు పట్టీ వినండి. దివ్యాన్ష్, రుద్రాన్ష్, కియాన్ష్, రియాన్ష్ అని వరసగా వస్తాయి. ఎవరికి వాళ్లు విడిగా వెతుక్కున్నామనుకున్నవాళ్లంతా ఒకే చోటికి చేరారు. మా చిన్నప్పుడు తరగతికి నలుగురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్లు. ఇంటిపేరును బట్టో, ఊరిని బట్టో, పొట్టి పొడుగును బట్టో వాళ్లను గుర్తుపట్టేవాళ్లం. నలుగురూ నాలుగు రకాల మనుషులుగా పెరిగారు.

నిజంగా అరుదైన పేరే కావాలంటే తెలుగులో లేవా? కాకతీయుల్లో ప్రోలరాజులున్నారు, బేతరాజులున్నారు. భారతం తెనిగించినవారిలో తిక్కన, ఎర్రన ఉన్నారు. రామాయణం రాసిన మొల్ల ఉంది, అది చక్కటి పూవు పేరు కూడా. ఈ రోజు మొల్ల అని పేరున్న పసిపిల్లను నేనెక్కడా చూడలేదు. అంతకన్నా అరుదైనది ఏం కావాలి? అయినా ఎవరూ పెట్టరు. దీన్నిబట్టి మనం వెతుకుతున్నది అరుదైన పేరు కాదని తేలిపోతోంది. పల్లె వాసన, తాతల వాసన తగలని పేరు కావాలి. ‘మోటు’ అనే ఒక్క మాట మన చేత ఇంత పని చేయిస్తోంది.

ఆ మోటు పేర్లలో అందరికన్నా ఎక్కువ నవ్వులపాలైనవాడు పెంటయ్య. ఆ పేరు ఎలా వచ్చిందో నవ్వేవాళ్లకు తెలియదు. వరసగా పిల్లలు పుట్టి పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను తీసుకెళ్లి ఊరి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవాళ్లు. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేదని మృత్యువుకు చూపించడం అది. మరొకామె వచ్చి ఎత్తుకునేది. తల్లి ఆమె దగ్గర తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కునేది. ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అన్న పేర్లు అలా వచ్చినవే. దేవుణ్ణి అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ భిక్షమయ్య, భిక్షపతి. టీకాలు, సెలైన్లు లేని రోజుల్లో ఒక తల్లి తన బిడ్డ బతకడానికి చేయగలిగిందంతా ఆ పేరులో ఉంది. అందమైన పేరు పెడితే చావు కన్ను పడుతుందని భయపడి, నోటికి వచ్చిన అందమైన పేర్లన్నీ ఆమె మింగేసుకుంది. ఏ జాబితాలోని ఏ అర్థం దీనికి సాటి వస్తుంది?

అన్ని పేర్ల వెనకా ఇంత దుఃఖమే ఉండదు. చాలా పేర్లు మొక్కు చెల్లింపులు. విశాఖ, విజయనగరం వైపు అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం అన్నవి సింహాద్రి అప్పన్న ఇచ్చిన పేర్లు. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లివి, నూకరాజు, నూకాలు అనకాపల్లి నూకాలమ్మవి. యాదయ్య, యాదమ్మ యాదగిరిగుట్ట నుంచి వచ్చారు. కొమురయ్య కొమురెల్లి మల్లన్న పేరు, ఐలయ్య, ఐలమ్మ ఐలోని, అంటే ఐనవోలు, మల్లన్న పేరు. 1946 జూలై 4న కడవెండిలో దొరసాని మనుషుల తుపాకీ గుళ్లకు పడిపోయిన దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో తన పంట దొరల పాలు కాకుండా నిలబడిన చిట్యాల ఐలమ్మ, ఇద్దరూ ఆ జాతర పేర్లు మోసినవాళ్లే. తెలంగాణ సాయుధ పోరాటంలోని పేర్లు చదువుకుంటూ పోతే ఊరి దేవుళ్ల పటం కళ్ల ముందు పరుచుకుంటుంది.

ఈ పటంలో గుళ్లే కాదు, దర్గాలూ ఉన్నాయి. గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో బొట్టు పెట్టుకునే ఇళ్లలో మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రావులు ఎంతమందో. తెలంగాణలో, రాయలసీమలో పీర్ల పండగకు మొక్కుకుని పుట్టిన పీరయ్యలు, హుస్సేనప్పలు, ఫకీరప్పలు ఉన్నారు. సంతానం కోసం దర్గాకు మొక్కిన హిందువు ఆ మాట దాచుకోలేదు, పిల్లాడి పేరుగా ఊరందరికీ వినిపించాడు. ఇప్పుడు ఆ పేర్లను వదిలేస్తుంటే, రెండు మతాలవాళ్లు ఒకే గడప తొక్కిన రుజువులు కూడా వాటితోపాటే పోతున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఒక అభ్యంతరం ఉంది, అది బరువైనది. పాత పేర్లు అందరికీ గౌరవం ఇచ్చాయా? ఇవ్వలేదు. ఎల్లయ్యను దొర ‘ఎల్లిగా’ అని పిలిచాడు. అయ్య అనే రెండక్షరాలు కూడా కొన్ని కులాలవాళ్లకు దక్కనివ్వలేదు. ఆ అవమానం పడ్డ తండ్రి, తన కొడుక్కి ఎవరూ విరిచి పిలవలేని కొత్త పేరు పెట్టుకుంటే ఆయన్ను వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. అవమానించే పేరును మార్చాల్సిందే. మహారాష్ట్రలో ఆడపిల్ల వద్దనుకుని ‘నకుశా’, అంటే అక్కర్లేనిది, అని పేరు పెట్టేవాళ్లు. 2011లో సతారా జిల్లాలో 285 మంది అమ్మాయిలకు అధికారులే దగ్గరుండి కొత్త పేర్లు పెట్టించారు. మంచి పని చేశారు. పెంటయ్య, నకుశా ఒకటి కాదు. ఒకటి బిడ్డను దక్కించుకోవడానికి పెట్టింది, రెండోది వదిలించుకోలేక పెట్టింది. బడిలో పెంటయ్యను ఏడిపిస్తే తప్పు ఏడిపించినవాళ్లది. పిచ్చయ్య అనే పేరుతోనే జమ్మలమడక పిచ్చయ్య గారు బాల్ బ్యాడ్మింటన్ ఆడి 1970లో అర్జున అవార్డు అందుకున్నారు.

కొత్త పేరు పెట్టవద్దని నేననడం లేదు. ఎలా పెట్టాలో నాస్తికుడు గోరా, సరస్వతి గోరా దంపతులు చేసి చూపించారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన రోజుల్లో పుట్టినవాడు సమరం, నియంతల పెత్తనం సాగిన రోజుల్లో పుట్టినవాడు నియంత, తొమ్మిదో సంతానం నౌ. అప్పటికి ఎవరికీ లేని పేర్లవి. వాటికి ఏ దేవుడూ సాక్షి కాదు, ఏ నిఘంటువులోనూ పొగడ్త లేదు. కానీ ఎవరడిగినా పుట్టుక చెప్పగల పేర్లు. లవణం గారు తర్వాత స్టువర్టుపురంలో నేరస్తులన్న ముద్ర పడ్డవాళ్ల మధ్య ఏళ్లతరబడి పనిచేశారు. ఉప్పు అనే పేరు ఆయనకు ఎక్కడా అడ్డం రాలేదు.

జన్మనక్షత్రం అక్షరం కుదరాలి కదా అంటారు. హస్త నాలుగో పాదంలో పుడితే ‘ఠ’, ఉత్తరాభాద్ర మూడో పాదమైతే ‘ఝ’. వాటితో పేరు దొరక్కే కల్పితాల జోలికి పోతున్నామని వాదన. నక్షత్ర నామం వేరుగా ఉంచి, పిలుచుకునే పేరు మరొకటి పెట్టుకోవడం పాత పద్ధతే. శాస్త్రం అడగని కష్టం మనం తెచ్చిపెట్టుకున్నాం.

తొందర కూడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు రాయకుండానే పుట్టుకను నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాతైనా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. పురిటి మంచం పక్కన కూర్చుని ఫోన్లో జాబితాలు తిప్పే బదులు ఆ ఏడాదిలో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మీ తాత తండ్రి పేరేమిటి, ముత్తవ్వ పేరేమిటి, అది ఎవరి మొక్కు, ఏ ఊరి జాతర, ఆ పేరు పెట్టేనాటికి ఆ ఇంట్లో ఏం జరిగింది. వాళ్లు చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముత్తవ్వ పేరు ఐలమ్మ అని తేలితే, ఈ సంక్రాంతికి పిల్లను ఎత్తుకుని ఐనవోలు జాతరకు వెళ్లిరండి, పేరు సంగతి తిరిగొచ్చాక తేల్చుకోవచ్చు.