కంపెనీ చెప్పిన మైలేజ్ హైవే మీద ఎందుకు రాదు? గాలి తాగేస్తున్న పెట్రోల్ లెక్క ఇదీ..

షోరూంలో చెప్పింది లీటర్‌కు 20 కిలోమీటర్లు. హైవే ఎక్కాక డిస్‌ప్లేలో కనిపించేది 13 లేదా 14. కొత్తగా ఎస్‌యూవీ కొన్న చాలామంది చెప్పే కామన్ కంప్లైంట్ ఇది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే మీ డ్రైవింగ్ స్టైల్ సార్ అంటారు. బంకులో కల్తీ అని ఒకరు, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వల్లే అని ఇంకొకరు. ఈ20తో మైలేజ్ కొంత తగ్గే మాట నిజమే. కానీ ఆ తగ్గుదల శాతాల్లో చూస్తే సింగిల్ డిజిట్‌లోనే ఉంటుంది. హైవే మీద అంతకంటే చాలా పెద్ద దొంగ ఒకటుంది. అదే గాలి.

వినడానికి వింతగా ఉంటుంది కానీ.. 100 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్లే కారు తాగే పెట్రోల్‌లో ఎక్కువ భాగం బరువును లాగడానికి పోదు. ముందున్న గాలిని పక్కకు తోయడానికే పోతుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్‌పై స్పీడ్ లిమిట్‌ను 2023లో 100 నుంచి 120కి పెంచారు. కొత్త ఎక్స్‌ప్రెస్‌వేలు వరుసగా వస్తున్నాయి. మరోవైపు కార్లేమో ఏటికేడు ఎత్తు పెరుగుతున్నాయి, డబ్బా షేప్‌లోకి మారుతున్నాయి. స్పీడ్ పెరిగింది, కారు సైజు పెరిగింది. ఈ రెండూ కలిస్తే జేబుకు ఎంత చిల్లు పడుతుందో ఓసారి లెక్క వేద్దాం.

స్పీడ్ ఒకటిన్నర రెట్లు.. గాలి భారం రెండింతల పైనే

కదిలే కారును గాలి వెనక్కి నెట్టే బలాన్నే డ్రాగ్ అంటారు. దీంతో వచ్చే చిక్కు ఏంటంటే.. స్పీడ్‌తో పాటు ఇది నేరుగా పెరగదు. స్పీడ్ రెండింతలైతే డ్రాగ్ నాలుగింతలు అవుతుంది. 80 నుంచి 120కి వెళ్తే స్పీడ్ పెరిగింది ఒకటిన్నర రెట్లే. డ్రాగ్ మాత్రం రెండుంపావు రెట్లు పెరుగుతుంది. ఇక ఆ గాలిని చీల్చడానికి ఇంజిన్ ఇవ్వాల్సిన పవర్ అయితే మూడు రెట్లు దాటుతుంది.

సరే, అంకెల్లో చూద్దాం. ఒక మామూలు సెడాన్, ఒక పెద్ద ఎస్‌యూవీ తీసుకుందాం. 80 స్పీడ్‌లో సెడాన్‌ను గాలి వెనక్కి లాగే బలం దాదాపు 19 కిలోల బరువుతో సమానం. అదే స్పీడ్‌లో ఎస్‌యూవీకి 29 కిలోలు. 120కి వెళ్తే సెడాన్‌కు 42, ఎస్‌యూవీకి ఏకంగా 65 కిలోలు. అంటే గిలక మీద తాడేసి, బావిలోంచి 65 కిలోల బరువును ఆపకుండా పైకి లాగుతూనే ఉండాలన్నమాట. అదీ సెకనుకు 33 మీటర్ల స్పీడ్‌తో! ఇందులో ఇంకో విషయం గమనించారా? సెడాన్ 100 స్పీడ్‌లో ఎంత గాలి భారం మోస్తుందో, ఎస్‌యూవీ 80లోనే అంత మోస్తోంది.

సిటీలో ఈ గొడవ పెద్దగా ఉండదు. 40 స్పీడ్‌లో కారును ఆపే బలాల్లో గాలి వాటా నాలుగో వంతు లోపే. మిగతాదంతా టైర్లు రోడ్డుతో పడే రాపిడి. బ్రేకులు, సిగ్నళ్లు, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉండటం.. సిటీలో మైలేజ్‌ను తినేవి ఇవి. 80 దగ్గరకు వచ్చేసరికి గాలి వాటా సగం దాటుతుంది. 120లో నాలుగింట మూడొంతులు గాలిదే. అందుకే ఒకే కారు, ఒకే డ్రైవర్, ఒకే బంకులో కొట్టించిన పెట్రోల్ అయినా హైవే మీద 20 కిలోమీటర్ల స్పీడ్ తేడాకే మైలేజ్ అంతలా మారిపోతుంది.

విజయవాడ ట్రిప్‌కు 40 నిమిషాల ధర

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఆగకుండా 80లో వెళ్తే దాదాపు 3 గంటల 20 నిమిషాలు. 100లో వెళ్తే 2 గంటల 40 నిమిషాలు. 40 నిమిషాలు కలిసొస్తాయి. పెట్రోల్ ఎస్‌యూవీ అయితే ఆ 40 నిమిషాల కోసం అదనంగా పోయేది సుమారు నాలుగు నుంచి ఐదు లీటర్లు. సెడాన్‌కైతే దాదాపు మూడు లీటర్లు. లీటర్ 107 రూపాయలు అనుకుంటే ఎస్‌యూవీకి వెళ్లేటప్పుడే 400 నుంచి 500 దాకా ఎక్స్‌ట్రా ఖర్చు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఇంజిన్‌ను, బరువును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ దిశ మాత్రం మారదు. అర్జెంట్ పని ఉన్నవాళ్లకు ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. పంతంగి టోల్ ప్లాజా దగ్గర అరగంట క్యూలో నిలబడ్డ రోజు మాత్రం, ఆ 40 నిమిషాల కోసం కాల్చిన పెట్రోల్ గుర్తొచ్చి మండుతుంది.

ఎదురుగాలి ఉంటే కథ ఇంకా మారిపోతుంది. గాలికి మీ స్పీడోమీటర్‌తో పని లేదు. మీరు 100లో వెళ్తుంటే, ఎదురుగా 20 స్పీడ్‌లో గాలి వీస్తే.. కారు లెక్కలో అది 120 కిందే లెక్క. వెళ్లేటప్పుడు వచ్చిన మైలేజ్ వచ్చేటప్పుడు రాలేదేంటి అని తల పట్టుకునేవాళ్లు గాలి ఏ దిక్కు నుంచి వీచిందో ఓసారి గుర్తు తెచ్చుకుంటే చాలు.

ముందు కాదు.. అసలు కథ వెనకే

ముక్కు సూదిగా ఉంటే కారు గాలిని చీల్చుకుంటూ పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్ద నష్టం వెనక వైపు జరుగుతుంది. కారు మీదుగా వచ్చిన గాలి పైకప్పును అంటిపెట్టుకుని మెల్లగా కిందికి జారితే సమస్య తక్కువ. వెనక భాగం గోడలా నిట్టనిలువుగా కట్ అయిపోతే మాత్రం గాలి ఒక్కసారిగా విడిపోయి సుడులు తిరుగుతుంది. కారు వెనక ప్రెషర్ తక్కువగా ఉండే ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ కారును వెనక్కి పీలుస్తూ ఉంటుంది. వర్షంలో తిరిగొచ్చిన ఎస్‌యూవీ వెనక అద్దం ఎప్పుడూ బురదతో నిండిపోవడానికి కారణం కూడా ఈ సుడులే. వెనక వైపర్ పెట్టింది అందుకే.

ఒక షేప్ గాలిలో ఎంత సాఫీగా జారుతుందో చెప్పే నంబర్‌ను డ్రాగ్ కోఎఫిషియెంట్ అంటారు. ఎంత తక్కువైతే అంత మంచిది. మెర్సిడెస్‌నే తీసుకోండి. డబ్బా లాంటి జీ-క్లాస్ పాత మోడల్‌కు ఇది 0.54. అదే కంపెనీ 2021లో తెచ్చిన ఎలక్ట్రిక్ సెడాన్ ఈక్యూఎస్‌కు 0.20. మన దేశంలో అమ్ముతున్న బీవైడీ సీల్‌కు 0.219, 2025లో ఇక్కడికి వచ్చిన టెస్లా మోడల్ వైకి 0.22. అయితే ఈ నంబర్ ఒక్కటే చూసి మోసపోవద్దు. దీన్ని కారు ముందు నుంచి కనిపించే వైశాల్యంతో గుణిస్తేనే అసలు భారం తెలుస్తుంది. ఎత్తు, వెడల్పు పెరిగితే నంబర్ బాగున్నా ఖర్చు తప్పదు. బ్రోచర్‌లో మొదటి నంబర్ వేస్తారు కానీ, రెండోది ఎక్కడా కనిపించదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సైన్స్ కూడా కాదు. విమానాల ఇంజినీర్ ఎడ్మండ్ రుంప్లర్ 1921లోనే బెర్లిన్‌లో నీటిబొట్టు ఆకారంలో ఒక కారు చూపించాడు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ విండ్ టన్నెల్‌లో దాన్ని టెస్ట్ చేస్తే 0.28 వచ్చింది. ఇవాళ రోడ్ల మీద తిరిగే చాలా కార్ల కంటే బెటర్! కానీ అప్పట్లో జనం కొనలేదు. 1934లో అమెరికాలో క్రిస్లర్ ఎయిర్‌ఫ్లో వచ్చింది. దాని షేప్ కూడా కొనేవాళ్లకు ఎక్కలేదు, 1937తో ఆపేశారు. 1973 ఆయిల్ సంక్షోభంతో పెట్రోల్ ధరలు మండాకే కంపెనీలు మళ్లీ విండ్ టన్నెల్ వైపు పరుగెత్తాయి. 1982లో ఆడి 100 కారు 0.30తో వస్తే అదే పెద్ద పబ్లిసిటీ అయింది.

ఎలక్ట్రిక్ కార్లలో ఎందుకంత పట్టింపు?

పెట్రోల్ ఇంజిన్ కాల్చే ఇంధనంలో దాదాపు మూడొంతులు వేడి రూపంలో వృథాగా పోతుంది. స్పీడ్, లోడ్ పెరిగినప్పుడు ఇంజిన్ పనితీరు కొంత మెరుగవుతుంది కాబట్టి, గాలి చేసే నష్టం కొంతవరకు దాని వెనక దాక్కుంటుంది. ఎలక్ట్రిక్ మోటార్‌లో వృథా చాలా తక్కువ. దాక్కోవడానికి చోటే లేదు. అందుకే ఈవీలు సిటీలో ఎక్కువ రేంజ్ ఇచ్చి, హైవే మీద తక్కువ ఇస్తాయి. పెట్రోల్ కార్లకు అలవాటుపడిన వాళ్లకు ఇది పూర్తిగా రివర్స్. బంకు ప్రతి 10 కిలోమీటర్లకు దొరుకుతుంది, ఫాస్ట్ చార్జర్ అలా దొరకదు. రేంజ్ పెంచాలంటే పెద్ద బ్యాటరీ పెట్టాలి, అంటే లక్షల్లో ఖర్చు. షేప్ మార్చడం దాని కంటే చౌక. వెనక్కి వాలిన పైకప్పు ఉన్న కూపే ఎస్‌యూవీలు, బాడీలోకి దూరిపోయే డోర్ హ్యాండిళ్లు, మూసేసినట్టుండే వీల్స్.. ఇవన్నీ స్టైల్ కోసమే అనుకుంటే పొరపాటు.

2022 ఏప్రిల్‌లో మెర్సిడెస్ విజన్ ఈక్యూఎక్స్ఎక్స్ అనే ప్రయోగాత్మక కారు జర్మనీ నుంచి ఫ్రాన్స్ తీరం దాకా సింగిల్ చార్జ్‌తో 1,008 కిలోమీటర్లు వెళ్లింది. దాని డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.17.

నెత్తిన క్యారియర్.. అద్దాలు తెరవాలా, ఏసీ వేయాలా?

సంక్రాంతికి ఊరెళ్లే కార్ల మీద చూస్తాం కదా, పైన కట్టిన సూట్‌కేసులు, బస్తాలు. వీటి ఖర్చు అంతా ఇంతా కాదు. అమెరికా ఇంధన శాఖ లెక్కల ప్రకారం.. పైకప్పు మీద పెద్ద లగేజ్ బాక్స్ పెడితే సిటీలో మైలేజ్ 2 నుంచి 8 శాతం తగ్గుతుంది. హైవేలో 6 నుంచి 17 శాతం. గంటకు 105-120 కిలోమీటర్ల స్పీడ్‌లో అయితే 10 నుంచి 25 శాతం దాకా పోతుంది. అదే లగేజ్ వెనక తగిలిస్తే హైవేలో నష్టం 1 నుంచి 5 శాతమే. బాక్సే అంత తింటే, టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టిన మూటల సంగతి ఊహించుకోండి. పండగ అయిపోయాక కూడా క్యారియర్ తీయకుండా ఏడాదంతా తిప్పేవాళ్లు చాలామంది. ఖాళీ క్యారియర్ కూడా గాలిని ఆపుతుంది.

ఇక ఎప్పటికీ తెగని పంచాయితీ.. ఏసీనా, అద్దాలా? సిటీ స్పీడ్‌లో అద్దాలు దించుకుంటే పెట్రోల్ మిగులుతుంది. హైవే స్పీడ్‌లో తెరిచిన అద్దాల్లోంచి గాలి లోపలికి దూరి డ్రాగ్‌ను పెంచుతుంది, అక్కడ అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకోవడమే బెటర్. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండలో సిటీలో కూడా అద్దాలు దించమని ఎవరికీ చెప్పలేం లెండి. బాగా వేడెక్కిన కారులో ఎక్కిన వెంటనే మాత్రం రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిని బయటికి పంపేసి, తర్వాత ఏసీ వేస్తే దాని మీద లోడ్ తగ్గుతుంది.

లారీ వెనకే అంటిపెట్టుకుని వెళ్తే గాలి భారం తగ్గుతుందని కొన్ని వీడియోల్లో టిప్‌గా చెబుతుంటారు. ఫిజిక్స్ ప్రకారం నిజమే. కానీ ఆ లాభం రావాలంటే లారీ సడన్ బ్రేక్ వేస్తే మీ కారు ఆగలేనంత దగ్గరగా వెళ్లాలి. ఇది టిప్ కాదు, ఆత్మహత్య. పట్టించుకోవద్దు.

పరీక్షలో గాలికి ఛాన్సే లేదు

ఇన్ని తెలిసీ కంపెనీలు డబ్బా షేప్ కార్లే ఎందుకు దించుతున్నాయి? జనం అవే కొంటున్నారు కాబట్టి. సియామ్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాల్లో యుటిలిటీ వెహికల్స్ వాటా 65 శాతం. గుంతల రోడ్లకు ఎత్తైన కారు కావాలనుకోవడంలో తప్పు లేదు. అసలు తిరకాసు మైలేజ్ టెస్ట్‌లో ఉంది.

మన దేశంలో కంపెనీలు చెప్పే మైలేజ్ ఎంఐడీసీ అనే పరీక్షలో వచ్చిన నంబర్. ఈ పరీక్ష రోడ్డు మీద జరగదు, ల్యాబ్‌లో రోలర్ల మీద జరుగుతుంది. మొత్తం 20 నిమిషాల లోపే. యావరేజ్ స్పీడ్ గంటకు సుమారు 32 కిలోమీటర్లు. గరిష్ఠంగా 90, అదీ కాసేపే. గాలి భారాన్ని లెక్కలోకి తీసుకుంటారు కానీ, ఆ స్పీడ్‌లో గాలి వాటా ఎంత? చాలా తక్కువ. అంటే షేప్ బాగున్న కారుకూ, గోడ లాంటి కారుకూ అసలు తేడా బయటపడే 100 స్పీడ్ పరీక్షలోనే లేదు. కొనేవాళ్లకు తెలిసేది హైవే ఎక్కాకే.

కంపెనీలకు కేంద్రం పెట్టే కేఫ్ ఇంధన పరిమితులు కూడా ఇప్పటిదాకా ఈ నంబర్ల మీదే నడిచాయి. రెండో దశ కేఫ్‌లో సగటు టార్గెట్ కిలోమీటర్‌కు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. మూడో దశను 2027 ఏప్రిల్ నుంచి తేవాలన్నది ప్రతిపాదన. దీని మీద కంపెనీల మధ్య నడిచిన గొడవంతా బరువు చుట్టూనే. తేలికైన చిన్న కార్లకు సడలింపు ఇవ్వాలని ఒక వర్గం, వద్దని ఇంకో వర్గం. కారు బరువు పెరిగితే పరిమితి కూడా పెరిగేలా లెక్క ఉంది. షేప్ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడింది లేదు. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో, 120 స్పీడ్ ఎక్స్‌ప్రెస్‌వేలు కడుతున్న టైంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే మార్పుకు ఒక దారి తెరుచుకుంది. 2027 ఏప్రిల్ నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే అంతర్జాతీయ పరీక్షకు మారాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా ఇచ్చింది. యూరప్‌లో ఈ పరీక్ష చివరి దశలో స్పీడ్ 131 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ల్యాబ్‌లో స్పీడ్ ఎంత పెరిగితే బ్రోచర్‌లో మైలేజ్ అంత తగ్గి, రోడ్డు మీద నంబర్‌కు దగ్గరవుతుంది. ఆ దెబ్బ అన్నింటికంటే ఎక్కువగా తగిలేది ఎత్తైన, డబ్బా షేప్ మోడళ్లకే.