పాదానికి తగిన పెడలు

సాధనం మనిషి అవసరానికి లోబడి ఉండాలి గాని, మనిషి సాధనానికి లోబడి ఉండరాదు. ఈ మాట పెద్ద యంత్రాలకే కాదు, సైకిలు పెడలుకు కూడా వర్తిస్తుంది. అరచేయంత ఉండే ఈ చిన్న భాగం విషయంలో సైకిలు ప్రియులు రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటారు. పాదాన్ని పెడలుకు బిగించి తొక్కడం మేలా, స్వేచ్ఛగా ఆనించి తొక్కడం మేలా అన్నదే ఆ వివాదం. 'ఏది గొప్పది?' అని అడగడమే పొరపాటనీ, 'ఏ ప్రయాణానికి ఏది తగినది?' అని అడగడమే వివేకమనీ నా అభిప్రాయం.

చిన్ననాటి నుండి మనమెరిగినది చదునైన పెడలు. దీనినే ఫ్లాట్ పెడల్ అంటారు. చెప్పులతోనైనా, బూట్లతోనైనా దీనిని తొక్కవచ్చు. రెండవది క్లిప్‌లెస్ పెడల్. దీనికి ప్రత్యేకమైన బూట్లు కావాలి. బూటు అడుగున బిగించిన క్లీట్ అనే చిన్న బిళ్ల పెడలులోని స్ప్రింగు పట్టులో చిక్కుకుంటుంది. మడమను పక్కకు తిప్పితే విడిపోతుంది. పాదాన్ని పట్టి ఉంచే పెడలుకు 'క్లిప్ లేనిది' అన్న పేరు రావడం వింతగా తోచవచ్చు. పూర్వం పందెగాళ్లు పెడలు ముందు భాగాన టో క్లిప్ అనే చట్రాన్ని అమర్చి, తోలు పట్టీతో పాదాన్ని బిగించుకునేవారు. ఆగవలసి వస్తే చేయి కిందికి చాచి పట్టీని వదులు చేసుకోవాలి. ఆ క్లిప్‌ను తొలగించినందువలననే కొత్త పెడలుకు ఈ పేరు వచ్చింది.

ఈ మార్పు వెనుక ఉన్న ఆలోచన గమనించదగినది. ఫ్రాన్సు దేశపు లుక్ సంస్థ, మంచుపై జారే స్కీ పలకలకు బూట్లను పట్టి ఉంచే బంధనాలను తయారుచేసేది. క్రీడాకారుడు పడిపోయినప్పుడు కాలు విరగకుండా ఆ బంధనం తనంతట తానే విడిపోవాలి. ఈ పరిజ్ఞానాన్నే ఆ సంస్థ 1984లో సైకిలు పెడలుకు అన్వయించింది. మరుసటి ఏడాది, అంటే 1985లో, బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ పందెంలో తన అయిదవ విజయాన్ని సాధించాడు. బంధనం గొప్పతనం బిగించడంలో మాత్రమే లేదు, అవసరమైన క్షణాన విడిచిపెట్టడంలో ఉంది. ఈ చరిత్ర మనకు చెప్పే సత్యమిదే.

మైళ్ల తరబడి ఆగకుండా సాగే ప్రయాణానికి, పందేనికి క్లిప్‌లెస్ పెడలే ఉత్తమం. నిమిషానికి 90 చుట్లు తిరిగే వేగంలోనూ పాదం జారదు, కుదురుగా ఒకేచోట నిలుస్తుంది. అయితే, 'పెడలును పైకి లాగడం వలన బలం రెట్టింపవుతుంది' అన్న ప్రచారం అతిశయోక్తి. సమగతిలో సాగేటప్పుడు బలంలో అధిక భాగం కిందికి తొక్కినప్పుడే పుడుతుంది. పైగా క్లీట్‌ను సరైన కోణంలో బిగించకపోతే మోకాళ్లు నొప్పి పెడతాయి.

చదునైన పెడళ్లు నేర్చుకునేవారికే గాని నేర్పరులకు కావనడం కూడా సరికాదు. ఆస్ట్రేలియాకు చెందిన శామ్ హిల్, కొండవాలున దూసుకుపోయే డౌన్‌హిల్ పోటీలలో 2006, 2007, 2010 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచాడు. 2017 నుండి 2019 వరకు వరుసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌ను గెలుచుకున్నాడు. ఆయన వాడినవి చదునైన పెడళ్లే! వాటిపై నిలిపిన చిన్న చిన్న మేకులు బూటు అడుగును గట్టిగా పట్టుకుంటాయి. రాళ్లమీద సైకిలు అదుపు తప్పబోయినప్పుడు కాలిని తక్షణమే నేలపై ఆనించవచ్చు.

ఇక మన నగరవీధుల సంగతి చూద్దాం. అడుగడుగునా వేగనిరోధకాలు, కూడళ్లు, హఠాత్తుగా ఆగే ఆటోలు! ఇక్కడ కాలు నేలపై ఎప్పుడు మోపవలసి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కొత్తగా క్లిప్‌లెస్ పెడళ్లు వాడేవారు ఆగేటప్పుడు మడమ తిప్పడం మరచి, నిలిచిన చోటనే పక్కకు ఒరిగిపోవడం సర్వసాధారణం. మైదానంలోనైతే మోచేయి గీరుకుపోవడంతో సరిపోతుంది. పక్కన లారీ ఉంటే ఆ చిన్న మరపుకు ప్రాణమే మూల్యం కావచ్చు.

'అలవాటైతే ఆ ప్రమాదం ఉండదు కదా!' అని కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజముంది. ఖాళీ మైదానంలో స్ప్రింగు బిగువు తగ్గించుకొని, ఆగడానికి ముందే పాదం విడిపించుకోవడం పదేపదే అభ్యసించినవారికి ప్రమాదం తగ్గుతుంది. కాని, అభ్యాసం మనం ఊహించిన ఆపదలో ఆదుకున్నంతగా ఊహించని ఆపదలో ఆదుకోలేదు. నాలుగు కిలోమీటర్ల దూరంలోని కళాశాలకు వెళ్లే విద్యార్థికి ఒకటి రెండు నిమిషాల ఆదా కంటే ఆ స్వేచ్ఛే విలువైనది.

కావున పందెగాడు తన పాదాన్ని బిగించుకోనీ, కళాశాలకు వెళ్లే విద్యార్థి తన పాదాన్ని స్వేచ్ఛగా ఉంచుకోనీ. ఖరీదైన బూట్లు ధరించిన మిత్రుణ్ణి చూసి చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు. తన దారిని తానెరిగి, దానికి తగిన సాధనాన్ని ఎన్నుకున్నవాడే నిజమైన నేర్పరి.