మానిటరుపై నింద

తెరపై బొమ్మ రాకపోతే తప్పు తెరదేనని తీర్పు చెప్పడం మన ప్రయోగశాలలలోనూ, కార్యాలయాలలోనూ పాతుకుపోయిన అలవాటు. ల్యాప్‌టాప్‌ను డాకింగ్ స్టేషన్‌కు, డాకింగ్ స్టేషన్‌ను మానిటరుకు కలుపుతారు. తెర నల్లగా నిలిచిపోతుంది. మరునాడే క్రొత్త మానిటరుకై కొటేషన్లు పిలవవలెనని అర్జీ తయారవుతుంది. ఈ తొందరపాటు విద్యార్థులకు తగదనీ, కళాశాల కమిటీకి అంతకంటె తగదనీ నా అభిప్రాయం.

మనది పటాన్‌చెరు కర్మాగారాల నీడలోని ప్రాంతం. అక్కడ ఒక మోటారు ఆగిపోతే అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ మొదటనే మోటారును విప్పడు. సప్లై ఉన్నదా, ఫ్యూజు పోయినదా, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినదా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాడు. అతని చేతిలో ఉండేది హోల్డరుకు బిగించిన టెస్ట్ ల్యాంపు. అది మంచి బల్బు అని అతనికి ముందే తెలుసు. అందువల్లనే అది వెలగనప్పుడు దాని సాక్ష్యాన్ని నమ్ముతాడు. ఐ.టి.ఐ. చదివిన మన సోదరులకు సహజమైన ఈ క్రమం కంప్యూటరు బల్ల దగ్గర మనకెందుకు స్ఫురించదు?

తెరపై "నో సిగ్నల్" అన్న అక్షరాలు కనిపించినవంటే ఆ మానిటరు బ్రతికియున్నదనే అర్థం. తెర వెలిగినది, అక్షరాలను చూపగలిగినది. రావలసిన సంకేతమే రాలేదు. కనుక వెతకవలసినది వెనుక దారిలో. మానిటరు మెనూలో హెచ్.డి.ఎం.ఐ.కి బదులు డిస్‌ప్లేపోర్ట్ ఎంపికై ఉండవచ్చు. డాకింగ్ స్టేషన్ అడాప్టరు ప్లగ్గు వదులై ఉండవచ్చు. విండోస్ మీటను, పి మీటను కలిపి నొక్కితే చిత్రం ల్యాప్‌టాప్ తెరకే పరిమితమై ఉన్నదేమో తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌కు హెచ్.డి.ఎం.ఐ. పోర్టు ఉన్నయెడల డాకింగ్ స్టేషన్‌ను మధ్యనుండి తప్పించి మానిటరును నేరుగా కలిపి చూడవచ్చు. బొమ్మ వచ్చినదా, మానిటరు నిర్దోషి.

అసలు చిక్కు తరచు కేబులులో ఉంటుంది. యు.ఎస్.బి.-సి కేబుళ్లకన్నిటికీ మూతి ఒక్కటే, లోపలి గుణం వేరు. ఫోను ఛార్జింగుకై వచ్చే కేబుళ్లు అనేకం సెకనుకు 480 మెగాబిట్ల పాత వేగానికే పరిమితం. చిత్రాన్ని మోసే తీగలు వాటి లోపల ఉండనే ఉండవు. అటువంటి దానితో కలిపినప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జి కావచ్చు, డాకింగ్ స్టేషన్‌కు తగిలించిన మౌసు కదలవచ్చు, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. చూచేవాడు మానిటరును నిందించక ఏమి చేస్తాడు! ల్యాప్‌టాప్ పోర్టుల సంగతీ ఇంతే. వెసా సంస్థ 2014లో ప్రకటించిన ఆల్ట్ మోడ్ విధానం గాని, థండర్‌బోల్ట్ గాని లేని పోర్టు చిత్రాన్ని నేరుగా పంపలేదు. డిస్‌ప్లేలింక్ చిప్పుతో నడిచే డాకింగ్ స్టేషన్‌కు ఆ బాధ లేదు గాని, దాని డ్రైవరు లేనిదే అది పలకదు.

ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి సాగే ఇటువంటి సంచికను కూర్చేవారికి రెండవ తెర విలువను వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థుల చేతికి సామాను ఇస్తే చెడగొట్టరా అని కమిటీ పెద్దలు శంకించవచ్చు. కేబులు తీసి మరల పెట్టడంలో ప్రమాదం స్వల్పం. మన విద్యార్థులలో ఎందరో రేపు ఈ కర్మాగారాలలోనే ఉద్యోగాలకు పోతారు. కంట్రోల్ రూములో తెర ఆరిపోయిననాడు "పాడైపోయింది సార్" అన్న మాట అక్కడ చెల్లదు. ఓవర్‌టైము చేసి ఫీజు కట్టే తండ్రుల సొమ్ముతో నిక్షేపమైన మానిటరును పాత సామాను కొట్టుకు పంపడం న్యాయమూ కాదు.

కమిటీ మంజూరు చేయవలసినది కొంచెమే. పనిచేస్తుందని రూఢియైన హెచ్.డి.ఎం.ఐ. కేబులు ఒకటి, చిత్రాన్ని మోసే యు.ఎస్.బి.-సి కేబులు ఒకటి, ఎర్రటేపు చుట్టి బీరువాలో ఉంచాలి. ప్రక్కనే ఒక నోటుబుక్కు. ఒకసారికి ఒక్కదానినే మార్చి, ఏమి మార్చినదీ, ఏమి జరిగినదీ విద్యార్థులే అందులో వ్రాయాలి. క్రొత్త మానిటరుకై వచ్చే ప్రతి అర్జీకి ఆ పుట నకలు జతపరచవలెనని నియమం పెట్టాలి. ఆ కేబుళ్లను ఫోను ఛార్జింగుకై ఎవరూ పట్టుకుపోకుండా కాపాడే భారం మాత్రం ప్రయోగశాల సహాయకునిదే.