సందులో తిప్పే బండికి సర్వీసింగ్ ఎందుకట?

"సందులో తిప్పే బండే కదా, దానికేం సర్వీసింగ్?" ఈ మాట మా జీడిమెట్లలో ఎన్ని ఇళ్ళలో విన్నానో లెక్క లేదు. మగవాళ్ళ మోటార్‌సైకిలుకు టైముకు ఆయిల్, వాటర్ వాష్ అన్నీ జరుగుతాయి. ఆడవాళ్ళకని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన స్కూటీకి మాత్రం అది ఆగిపోయిన రోజే వైద్యం. ఆగిపోతే నేరం కూడా మనదే, "నీకు నడపడం రాదు" అని!

ఆ స్కూటీ ఏం మోస్తోందో చూడండి. ముందు నిలబడ్డ చిన్నోడు, వెనక బ్యాగుతో పెద్దమ్మాయి, కాళ్ళ దగ్గర కూరగాయల సంచి. షాపూర్‌నగర్ నుంచి సుచిత్ర దాకా పక్కనే లారీలు. ఇంట్లో అన్నిటికన్నా విలువైన బరువు ఎక్కేది ఆ పాత బండే.

సందులో తిరిగే బండికే ఎక్కువ సేవ కావాలండీ. పాలకని, కిరాణాకని రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే, సెల్ఫ్ స్టార్టు తాగేసిన కరెంటు బ్యాటరీలోకి తిరిగి చేరదు. అందుకే పొద్దున మొదటిసారి కిక్ కొట్టాలి. ఇంజిన్ సరిగా వేడెక్కకుండానే ఆగుతుంది కాబట్టి ఆయిల్‌కు కిలోమీటర్లు చూస్తే చాలదు, నెలలూ లెక్కపెట్టాలి. ఇంజిన్ ఆయిల్ వేరు, వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరు. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఇక మన ఫ్యాక్టరీల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ ఏమవుతుందో ఇంటి కిటికీలు తుడిచే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రేకు సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పాత స్కూటీల్లో చాలావాటికి రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. లోపల లైనింగ్ అరిగేకొద్దీ లివర్ లోపలికి పోతుంది. నట్టు బిగించి పంపేస్తారు. లైనింగే అయిపోయాక నట్టు బిగిస్తే ఏం లాభం? 125 సీసీ వరకు కొత్త బండ్లన్నిటికీ రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందుదైతే అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. మా వెనక వీధి వదిన వానలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే అందరూ ఆమె డ్రైవింగే తప్పన్నారు. టైరు వంక ఒక్కరూ చూడలేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైనదని. గీతలు బాగానే కనబడినా రబ్బరు గట్టిపడితే తడి రోడ్డును పట్టదు.

రేజ్ చేస్తే మోత పెరిగి బండి మాత్రం కదలట్లేదా? లోపలి బెల్టో, రోలర్లో, క్లచ్చో అరిగినట్టు. ఇది చెబితే మెకానిక్ "సార్‌ని పంపండమ్మా" అంటాడు. ఏం, బ్రేకు పట్టేది సార్ వేళ్ళా?

కొనేముందు ఇంకోటి. 2020 అక్టోబరులో ఫాక్స్‌సాగర్ చెరువు పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి కదా. అలా నీళ్ళలో నానిన బండ్లు రంగు వేసుకుని అమ్మకానికొస్తాయి. హెడ్‌లైట్ లోపల బురద మరక, సీటు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉన్నాయేమో చూడండి.

కాగితాల దగ్గరా ఇదే చిన్నచూపు. ఫారం 29, ఫారం 30 మీద పాత యజమాని సంతకాలు పెట్టించి బీరువాలో పడేస్తారు, "పేరు తర్వాత మారుద్దాంలే" అని. అప్పటిదాకా చలాన్లు ఆయన పేరు మీదికే పోతాయి. ఇన్సూరెన్సులో పేరు మారకపోతే బండికి నష్టం జరిగినా, దొంగలెత్తుకుపోయినా క్లెయిము దగ్గర చిక్కే. ఆర్సీ మీద నా పేరు పడ్డాకే తాళం తీసుకుంటానని అడగండి. "ఈ డొక్కు బండికి ఇంత హంగామానా" అంటారు. అననివ్వండి.